మన కొయ్యలు, పరదేశపు కొయ్యలు
(రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమనగానే పుస్తకములు మనస్సునకు వచ్చును గాని, ఆ పుస్తకములను మోయుచున్న కొయ్య యెవరికిని గుర్తునకు రాదు. పుస్తకమునకు ముందు తాటియాకు కలదు. తాటియాకునకు పైనను క్రిందను కఱ్ఱపలక కలదు. నేటి కాగితమును కొయ్యయే. రాజమహేంద్రవరపు కాగితపు కర్మాగారమున ఒకనాడు వెదురును, పిమ్మట సరుగుడు, సుబాబుల్ కఱ్ఱను నలుగగొట్టి గుజ్జుచేసి కాగితము తీయుచున్నారు. కావున ఈ దినమున కొయ్యను గూర్చి కొంత ముచ్చటించుట సందర్భవిరుద్ధము కాజాలదు. అదియుంగాక, ఇల్లు కట్టుకొనువాడు మోసపోవుటకు సిమెంటుకంటెను, ఇనుముకంటెను కొయ్యయందే అవకాశము మెండు. ఏలయన సిమెంటు బస్తాపై పేరు ముద్రించియుండును, దుంగపై పేరుండదు. అమ్మువాడు చెప్పినదే దాని పేరు.

తెలుగుభాషలో "చేవ" యను మాట కలదు. చెట్టు నడిబొడ్డున గట్టిపడి రంగుతేలిన భాగము చేవ. దాని చుట్టును బెరడు వఱకు నుండునది తెల్లచెక్క. మనుష్యుని ధైర్యమును, పౌరుషమును చెప్పుటకును మనవారు ఈ మాటనే వాడిరి. బ్రదికియున్న చెట్టునందు నీరు ప్రవహించునది తెల్లచెక్కలోనే. అందు పిండిపదార్థము నిలువయుండును. పురుగు వచ్చునది దానికొఱకే. చెట్టు వయసు మీఱినకొలది లోపలి భాగము ఆ పని మాని, నూనెలును, రంగులును, చేదు పదార్థములును నింపుకొని చేవయగును. చెదలు టేకు చేవను విడిచిపోవుటకు అందలి ఈ పదార్థములే కారణము. అదే టేకు యొక్క తెల్లచెక్కను చెదలు తినుటకు సందేహింపదు. "టేకు గుమ్మమునకు చెదలు పట్టె"నని ఆశ్చర్యపడువారు చూడవలసినది చెట్టు జాతిని కాదు, చేవను.

తాడి యందు ఈ వ్యవహారమంతయు తలక్రిందు. టేకునకు చేవ లోపల, తాడికి చేవ వెలుపల. తాటిమ్రాని పైభాగము ఇనుపకడ్డీలవంటి నల్లని ఈనెలతో గట్టిగానుండును. నడుమ మెత్తని బెండు. అందుచేతనే తాటిదూలమును చీల్చి వాసములు తీయువారు పైచెక్కను గ్రహించి లోపలిదానిని విడుతురు. ఈ గుణమునే కొల్లేటివారు మఱియొక విధముగ వినియోగించుకొనిరి. తాటిచెట్టు మొదలు లావుగా ఉబ్బియుండును. దానిని కోసి, లోపలి బెండును బాడిసతో తొలిచినచో మిగిలినది దోనె. ఒక పలకయు అతుకనక్కరలేదు, ఒక మేకును కొట్టనక్కరలేదు. కొల్లేటి లంకలలో పిల్లవాడు బడికి పోవుటకును, ఆడుది గడ్డి తెచ్చుటకును, బెస్తవాడు మావు వేయుటకును ఆ దోనెయే వాహనమై యుండెను. అది సన్ననిది, ఒరిగిపోవునది. కావున బరువు మోయవలసినపుడు రెండు దోనెలను ప్రక్కప్రక్కన కట్టుదురు. దానికి సంగడి యని పేరు. స్నేహితుని సంగడీడనుటయు ఈ కుదురునకు చేరిన మాటయే. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఒక గ్రీకు నావికుడు వ్రాసిన యెఱ్ఱసముద్ర యాత్రాగ్రంథమునందు, తూర్పుతీరమున ఏకదారువులను జంటగా కూర్చిన పెద్ద నావలకు "సంగర" యను పేరు కనబడుచున్నది. పండితులు దీనిని మన సంగడితో సరిపోల్చుదురు. నేడు కొల్లేటిలో ఫైబరు పడవయు, మోటారును వచ్చినవి. దోనెకు పనికివచ్చునంత ముదురు తాడి దొరకుటయే కష్టమైపోయినది.

చేనిగట్టున నిలిచియున్న చెట్లలో రైతునకు మిక్కిలి ఉపకారి నల్లతుమ్మ. ఘనపుటడుగు టేకు సుమారు 18 కిలోలు తూగినచో, అంతే నల్లతుమ్మ 22 కిలోలకు పైగా తూగును. నాగలికిని, బండిచక్రపు కుండకును, ఆకులకును, గొడ్డలి కామకును, రోకలికిని దానిని మించినది లేదు. దెబ్బకు ఓర్చుట వేఱు, ఎండకు వానకు వంకరపోకుండుట వేఱు. తుమ్మకు మొదటి గుణము కలదు. తలుపునకు కావలసిన రెండవ గుణము టేకునకు కలదు. దీనిని గమనింపక "గట్టికొయ్య, మెత్తకొయ్య" యని రెండే తరగతులు చేసి మాటలాడుట పొరపాటు. వేప ద్వారబంధములకును, పెట్టెలకును మంచిది. దాని చేదు పురుగునకు సరిపడదు. చింతమొద్దు దెబ్బకు చీలదు గనుక నూనెగానుగకును, మాంసము కొట్టు మొద్దునకును వాడిరి. గంగరావి బండిపనికిని, పడవపనికిని వచ్చును. మామిడి చవుకయే గాని తడిగాలి తగిలినచో నల్లబడి పురుగు పట్టును. పెట్టెలకు, తాత్కాలికపు బల్లలకు చాలును. పనస పీటలకును, తలుపులకును మాత్రమే కాదు, వీణకును కావలెను. 2022లో ఏలూరు జిల్లాలో చేరిన నూజివీడు మామిడిపండ్లకు ఎంత ప్రసిద్ధమో వీణలకును అంత ప్రసిద్ధము. ఒకే మ్రానున కుండయు, దండియు తొలిచిన వీణను ఏకాండి వీణ యందురు. పనస తేలికయై, బాగుగా ఆరిన పిదప కదలక నిలిచి, తంతినాదమునకు బదులు పలుకును.

కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మలకు అంకుడు. ఈ రెండును మెత్తనివే. దూలమునకు పనికిరాని కొయ్య బొమ్మకు పనికివచ్చినది. కొండపల్లి పనివారు పొణికిని నిప్పుసెగను ఆర్చి, చింతగింజల పిండితో అవయవములు అతుకుదురు. ఆ కొండలలో పొణికి తగ్గిపోవుచుండుట ఆ పనివారి కూటికి సంబంధించిన విషయము.

ప్రాచీనులు ఈ విషయమును చిన్నదిగా నెంచలేదు. అమరకోశమున రెండవ కాండలో వనౌషధివర్గము కలదు. చెట్ల పేర్లు తెలిసికొనగోరువారికి అది నేటికిని ఉపయోగపడును. ఆఱవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు బృహత్సంహితలో మంచములకును, పీఠములకును తగిన కొయ్యలను పేర్కొనెను. అసనము, తిందుకి, కాశ్మరి, శాకము, శింశుప మున్నగునవి అందు కలవు. అసనము మన వేగిస, తిందుకి తునికి, కాశ్మరి గుమ్మడిటేకు, శాకము టేకు. పిడుగుపడిన చెట్టును, గాలికి కూలినదానిని, ఏనుగు పడద్రోసినదానిని, పక్షిగూళ్లును తేనెపట్లును గలదానిని, శ్మశానమున మొలచినదానిని విడువుమని ఆయన చెప్పెను. ఇందు శకునభాగము నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు మానుదురు. అయినను పిడుగుపడిన మ్రానులోపల బీటలుండుటయు, గాలికి కూలినదాని నార తెగియుండుటయు, గూళ్లున్న ముసలిచెట్టు తొఱ్ఱపోయి యుండుటయు వడ్రంగులెఱిగిన సంగతులే. ప్రతిమకొఱకు చెట్టును కొట్టుటకు ముందురాత్రి దానిని పూజించి, అందు నివసించు భూతములను వేఱొకచోటికి పోవలసినదని వేడుకొనుట కూడ ఆ గ్రంథమున విధింపబడినది. నరకుటకు ముందు ఒక రాత్రి ఆలోచించుకొనుమని దీనికి అర్థము చెప్పినను తప్పు లేదు.

ఇక టేకు. పశ్చిమగోదావరి మెట్టసీమకు ఎగువను పాపికొండల యడవులు కలవు. పూర్వము అచట కొట్టిన టేకును, వెదురును తెప్పలుగా కట్టి గోదావరిలో వదలినచో రాజమహేంద్రవరము చేరెడివి. ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో ప్రారంభమై 1852లో ముగిసిన పిదప, పంటకాలువలే పడవదారులు కూడ అయ్యెను. విజ్జేశ్వరము నుండి నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా వచ్చు ఏలూరు కాలువ, బెజవాడ నుండి వచ్చు కృష్ణా కాలువను ఏలూరులో కలిసికొనును. రెండు నదుల నీరు కలిసిన ఊరు గనుకనే ధాన్యముతోబాటు కలపకును అది కూడలి యయ్యెను. నీటిలో ప్రయాణముచేసిన దుంగకు ఒక లాభము కలదు. తెల్లచెక్కలోని పసరును, పిండిపదార్థమును నీరు కొంతవఱకు కడిగివేయును. పల్లెలలో తుమ్మ, వేప దుంగలను, తాటిదూలములను నెలల తరబడి చెరువున నానవైచుటకు కారణమిదియే. ఈ పని మాని, నరికిన వారమునకే కోతమిల్లునకు తోలి, మఱుసటి వారము గుమ్మము నిలుపువారు పురుగును నిందించుట న్యాయము కాదు.

ఆ యడవులనుండి వచ్చిన టేకు వెనుక కొండరెడ్ల కష్టము కలదని మఱువరాదు. 1882 నాటి మద్రాసు అటవీచట్టము వారి పోడును, అడవి హక్కును కుదించినది. 1945లో ప్రకటింపబడిన హైమన్‌డార్ఫు గ్రంథమున, కలప వ్యాపారుల అప్పులలో చిక్కి కొండరెడ్లు వెట్టివలె పనిచేయుచుండుట వర్ణింపబడినది. డెల్టాలోని మండువా లోగిళ్ల స్తంభములను మెచ్చుకొనునపుడు ఆ మాటయు చెప్పుకొనవలెను.

గోదావరి టేకు చాలక రంగూను టేకు వచ్చినది. కాకినాడ రేవునుండి తెలుగువారు వేలకొలదిగా రంగూనునకు పోయి, అచటి మిల్లులలోను, రేవులలోను కూలిచేసిరి. ఓడ మరల వచ్చునపుడు కలపయు వచ్చెను. ఇర్రావతి, సాల్వీను నదుల యెగువ అడవులలో నెమ్మదిగా పెరిగిన పెద్దమ్రాకులు గనుక ఆ టేకున చేవ యెక్కువ, ముడులు తక్కువ. 1942 మార్చిలో జపానువారు రంగూనును పట్టుకొనుటతో ఆ రాకపోకలు తెగిపోయెను. యుద్ధానంతరము దిగుమతి తిరిగి జరిగినను ఆ పూర్వపు చవుకతనము రాలేదు. 2014 ఏప్రిలు 1వ తేదీ నుండి బర్మా, అనగా నేటి మయన్మారు, దుంగల ఎగుమతిని నిషేధించినది. అయినను నేటికిని "బర్మా టేకు" అను మాట అంగడిలో వినబడుచునే యున్నది. దుంగనే చూపి ఆ పేరు చెప్పువానిని, అది ఏ సంవత్సరమున వచ్చినదని యడుగుట మంచిది.

మన అడవులకును 1996 డిసెంబరు 12న సుప్రీముకోర్టు గోదావర్మన్ కేసున ఇచ్చిన ఉత్తర్వు అడ్డుకట్ట వేసినది. ఆమోదింపబడిన ప్రణాళిక లేక అడవిలో చెట్టు కొట్టరాదు. అనుమతిలేని కోతమిల్లులు మూయవలెను. ఇది అడవికి మేలు. ఆ లోటును పూడ్చుటకై పరదేశపు కలప ప్రవాహముగా వచ్చినది. ఘానా మొదలగు ఆఫ్రికా దేశములనుండియు, ఈక్వడార్, కోస్టారికా, పనామాల నుండియు టేకు వచ్చుచున్నది. ఈ టేకు జాతికి టేకే. మన దేశమునుండియు, బర్మానుండియు పోయిన సంతతియే. కాని ఇరువది యేండ్లకే నరికిన తోటచెట్టు. దానితోబాటు "ఆఫ్రికా టేకు" అను పేర ఇరోకో యను మఱియొక కొయ్యయు అమ్ముదురు. అది చెడ్డది కాదు. గట్టిది, చెదలకు ఓర్చునది. కాని టేకు కాదు, టేకు ధర పెట్టదగినది కాదు. కోసిన కొనను చిత్రికపట్టి చూడవలెను. టేకున ఏటేటి వలయములు స్పష్టముగా తెలియును. చేతికి జిడ్డు తగులును. తోలువంటి వాసన వచ్చును. ఇరోకోలో ఆ వలయమును, ఆ వాసనయు ఉండవు. "మలేషియా సాల్" అనబడునది మన సాలవృక్షమునకు చుట్టము, ద్వారబంధములకు చెల్లును. ఆఫ్రికా పడాకు మన వేగిసకును, ఎఱ్ఱచందనమునకును దాయాది.

పరదేశపు చెట్లలో కొన్ని ఇచటనే పౌరులైపోయినవి. "సీమ" యను మాట చేర్చిన చెట్టెల్ల ఇంగ్లండునుండి వచ్చినదని పలువురి భ్రమ. సీమచింత వచ్చినది మెక్సికో ప్రాంతమునుండి. సర్కారు తుమ్మయు, రోడ్లప్రక్క నీడనిచ్చు నిద్రగన్నేరును అమెరికా ఖండపువే. సముద్రతీరపు సరుగుడును, మెట్టలలోని జామాయిలును ఆస్ట్రేలియా వైపునుండి వచ్చినవి. సరుగుడు పందిళ్లకును, స్లాబుల క్రింద ఊతమునకును మంచిది. పలకగా కోసినచో చీలిపోవును. జామాయిలు ఆరునపుడు మెలితిరుగును. ఎవని పని వానిది. సర్కారు తుమ్మను బొగ్గునకు మిక్కిలిగా వాడుదురు. ఇటీవల మహాగని నాటించి, పదిపండ్రెండేండ్లకు లక్షలు వచ్చునని చెప్పి మొక్కలమ్ముచున్నవారు పెక్కురు బయలుదేరిరి. మొక్క అమ్మినవాని లాభము ఈ యేడే వచ్చును. నాటినవాని లాభము చెట్టు చేవ పట్టిన నాడు. ఈ భేదమును గుర్తుంచుకొని నాటువారు నాటవచ్చును.

ఇక దుంగ కొలత. ఇందు కొంచెము లెక్క కలదు, ఓపికతో వినవలసినది. వ్యాపారమున దుంగను కొలుచుటకు చుట్టుకొలతలో నాల్గవవంతు తీసి, దానిని దానిచేతనే గుణించి, పొడవుచే గుణింతురు. చుట్టుకొలత 4 అడుగులు, పొడవు 10 అడుగులు గల దుంగకు నాల్గవవంతు 1 అడుగు. ఒకటిని ఒకటిచే గుణించి, పదిచే గుణించినచో 10 ఘనపుటడుగులు. నిజముగా ఆ గుండ్రని దుంగలో ఉన్న కొయ్య 12.73 ఘనపుటడుగులు. అందుచే కొనువానికి లాభమని తోచును. తొందరపడరాదు. ఆ దుంగ అడ్డుకొలత 15 అంగుళములకు పైచిల్లర. దానిని అంచులు నిలుచునట్లు నలుచదరముగా చెక్కినచో భుజము 10.8 అంగుళములే వచ్చును, అది 8.1 ఘనపుటడుగులు. దానిని అంగుళపు పలకలుగా కోసినచో ఒక్కొక్క కోతకు రంపము వీసమెత్తు తినును. కోతకు అంగుళములో ఎనిమిదవవంతు చొప్పున పోగా తొమ్మిది పలకలు వచ్చును, పదవదానికి చాలదు. ఆ తొమ్మిది పలకలు 6.75 ఘనపుటడుగులు. అనగా ధర 10కి యిచ్చి, పలకలుగా పొందినది ఆఱుముప్పాతిక. ప్రక్కచెక్కలు వేఱుగా మిగులును. వానిని ఇంటికి తెచ్చుకొనక మిల్లులో వదలివచ్చుట దుబారా. ఘనపుటడుగు 3,000 రూపాయలనుకొనుడు. పలకల లెక్కన అది 4,444 రూపాయలు పడినది. కోసిన పలకలు 4,200కు అమ్ముచుండగా, "దుంగ చవుక" యని పోవువాడు ఈ లెక్క వేసికొనవలెను.

టేపు విషయము మఱియొకటి. బెరడుపై కాక, బెరడు తీసి కొలువవలెను. టేపు వదులై 48 అంగుళములు 50గా చదువబడినచో పది ఘనపుటడుగులు 10.85 అగును. రెండంగుళముల వదులునకు పై ధరన 2,550 రూపాయలు చేతినుండి జారినవి. చుట్టుకొలత వర్గమగునుగాన చిన్న తప్పు రెండింతలై కూర్చుండును. ఇక చేవ సంగతి. ఇదే దుంగకు చుట్టును అంగుళమున్నర మందమున తెల్లచెక్క యున్నదనుకొనుడు. చూచుటకు అది సన్నని అంచు. లెక్కకు దుంగలో మూడవవంతునకు పైగా తెల్లచెక్కయే! లేతవయసు టేకు ఎందుకు చవుకయో, అది నిజముగా చవుకయో కాదో ఇందువలన తెలియును. ఆ డబ్బునకు ముదురు వేపయో, వేగిసయో, నల్లమద్దియో చేవతో దొరకినచో ద్వారబంధమునకు అదియే మేలు.

పచ్చికొయ్య ఆరునపుడు అన్ని వైపులకు సమముగా కుంచింపదు. పొడవున దాదాపు కుంచింపనే కుంచింపదు. వలయములవెంట కుంచించునది కేంద్రమువైపు కుంచించుదానికి రమారమి రెండింతలు. టేకు ఈ విషయమున ఉత్తమమైనది. అయినను పదియంగుళముల పచ్చిపలక అరయంగుళము వఱకు తగ్గవచ్చును. కొల్లేటి గాలిలో తేమ అధికము. వర్షాకాలమున తలుపు ఉబ్బి పట్టుటయు, వేసవిలో సందులు చూపుటయు ఇందువలననే. పూర్వపు వడ్రంగి తలుపుపలకను నాలుగు చట్రపుకఱ్ఱల గాడిలో వదులుగా కూర్చి, మేకు కొట్టకుండ విడిచెడివాడు. పలక ఉబ్బినను, తగ్గినను గాడిలోనే కదలును, తలుపు చీలదు. నేడు దానిని బంకతో అంటించి, పిమ్మట చీలినదని కొయ్యను తిట్టుచున్నారు. ప్లైవుడున పొరలను ఒకదాని కొకటి అడ్డముగా అంటించుటచే ఈ చిక్కు తీఱినది. తడి తగులుచోట వాడదగిన రకమునకు ఐ.ఎస్. 710 అను ముద్ర యుండును. పొట్టునదిమి చేసిన బోర్డు నీరు త్రాగి ఉబ్బినచో మరల యథాస్థితికి రాదు. వరద చేరు ఊళ్లలో దానిని కొనకుండుటయే మేలు.

చెట్లు తగ్గినవి. భూమి లెక్కలలో "తోపు పోరంబోకు" అని యొక వర్గము కలదు. ఊరుమ్మడి తోపునకై విడిచిన నేల యది. కాగితముపై తోపు, నేలపై పెక్కుచోట్ల ఒక చెట్టును లేదు. కొల్లేటి చుట్టును 1980 తరువాత వరిచేలు చేపలచెరువులు కాగా గట్లమీది తాళ్లును, తుమ్మలును పోయెను. 1999లో అయిదవ కాంటూరు వఱకు, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యముగా ప్రకటింపబడి, 2006లో అందలి చెరువుగట్లు త్రవ్వివేయబడినను, పోయిన తాళ్లు రాలేదు. తాటిటెంక పాతినవాడు దూలము చూడడు; మనుమడు చూచును. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము చెట్టు కొట్టుటకు అనుమతి కావలెను. అనుమతి యడుగుట కొఱకైనను ముందు చెట్టు ఉండవలెను గదా. ఊరి తోపు నేలను పంచాయతీవారు కొలిపించి, అందు వేప, నల్లమద్ది, పనస, గట్లవెంట తాడి నాటించినచో రాబోవు వడ్రంగికి పని యుండును. గ్రామములలో ఉలిపట్టు ఇండ్లు వేళ్లపై లెక్కింపదగినన్నియే మిగిలియున్నవి. వారి కుమారులు తాడేపల్లిగూడెములో, ఏలూరులో ప్లైవుడు దుకాణములకు కూలికి పోవుచున్నారు. వారికి ఏకాండి దోనెను తొలుచుట రాదు, నేర్పువారును లేరు.

చివరగా ఈ గ్రంథాలయమునకు కొత్తగా చేయింపదలచిన బీరువాల సంగతి. అడుగు పొడవున పేర్చిన పుస్తకములు పది కిలోల వఱకు తూగును. అరపలక పొడవు రెండింతలైనచో వంపు రెండింతలు కాదు, పదునాఱింతలగును. మందము రెండింతలైనచో వంపు ఎనిమిదవవంతునకు తగ్గును. కావున అంగుళపు పలకకు రెండున్నర అడుగులకు మించిన ఎడము పనికిరాదు. మించినచో నడుమ నిలువుకఱ్ఱ పెట్టవలెను. చట్రమునకు టేకు చేవ, అరలకు ఆరిన ముదురు వేప చాలును, మామిడి వలదు. బీరువా కాళ్లక్రింద రాతిబిళ్లలుంచి, గోడకు జానెడు ఎడముగా నిలుపవలెను. చెదలు వెలుతురున నడువవు. మట్టిబాట కట్టుకొని గోడవెంటనే వచ్చును. నెలకొకసారి వెనుకవైపు దీపము పట్టి చూచినచో ఆ బాట కనబడును. కనబడిననాడే చీపురుతో దులిపి, అది పుట్టినచోట మందు పోయవలెను.